రాయి పచ్చబడితే దేని పని? విశాఖ రాతి తీరంలో ఒక పరిశీలన కేసు

విశాఖలో చలికాలం వెనకపట్టగానే ఏటా ఒక రకం ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. ఒడ్డున రాళ్లన్నీ చిక్కటి ఆకుపచ్చగా ఉంటాయి. ఒకరు ‘ఎంత బాగుందో’ అంటారు, ఇంకొకరు ‘డ్రైనేజీ నీళ్లు వదిలితే ఇంతే’ అంటారు. ఇద్దరికీ ఆధారం ఆ ఒక్క ఫొటోనే.

మా చిన్న బృందానికి పని తగిలింది అలాంటి ఫొటోతోనే. నగరంలో ఒక వాననీటి కాలువ సముద్రంలో కలిసే చోట రాళ్లు పచ్చబడ్డాయని అక్కడి నివాసుల సంఘం ఫిర్యాదు పెట్టాలనుకుంది. ‘మీరొకసారి చూసి, ఇది కాలుష్యమేనని రాసివ్వండి’ అని అడిగారు. ఒకసారి చూసి రాసిచ్చే విషయం కాదని చెప్పాం. అక్కడి నుంచి రెండేళ్లకు పైగా నడిచిన పరిశీలనను ఎలా కట్టామో, దాంతో ఏం చెప్పగలిగామో, ఎక్కడ ఆగామో ఇక్కడ రాస్తున్నాను. కాలువ పేరు, సంఘం పేరు కావాలనే ఇవ్వడం లేదు.

పచ్చదనం వెనక ఉండగలిగినవి

రాతి మీద ఆ పచ్చదనం ఎక్కువగా రెండు రకాల నాచుది. ఒకటి పల్చటి ఆకుల్లా పరుచుకునే అల్వా, రెండోది గరుకు వెంట్రుకల కుచ్చుల్లా అలలు కొట్టే అంచున పెరిగే కీటోమార్ఫా. రెండూ తొందరగా పెరిగేవే. ఖాళీ రాయి దొరికితే అల్వా వారాల్లో కప్పేస్తుంది. అందుకే పచ్చదనం కనిపించినప్పుడు ముందు అడగాల్సింది ‘నీళ్లలో ఏం కలిసింది?’ అని కాదు, ‘ఈ రాయి ఎందుకు ఖాళీ అయింది? ఖాళీ అయ్యాక దీన్ని తినేవాళ్లు ఎటు పోయారు?’ అని.

తినేవాళ్లంటే లింపెట్లు (గొడుగు ఆకారపు పెంకుతో రాయికి అతుక్కుని ఉండే నత్తలు), నెరైటా నత్తలు, కైటాన్లు (వీపు మీద పలకల పెంకుతో రాతిని పట్టుకుని ఉండే జీవులు), కొంత వరకు రాతి పీతలు. లింపెట్ నాలుక మీద ఆకురాయి లాంటి పళ్ల వరస ఉంటుంది. కంటికి కనపడని నాచు మొలకల్ని అది రాతి మీద నుంచి గీకి తింటుంది. మనకు ‘ఏమీ లేని రాయి’ అనిపించేది చాలాసార్లు లింపెట్లు మేసిన రాయి.

ఇవి పోతే ఏమవుతుందో 1967 మార్చిలో ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్ తీరంలో అందరూ చూశారు. టోరీ కాన్యన్ అనే చమురు ఓడ రాళ్లకు కొట్టుకుని లక్ష టన్నులకు పైగా ముడి చమురు ఒలికింది. దాన్ని కడగడానికి తీరం మీద వేల టన్నుల డిటర్జెంట్లు చల్లారు. లింపెట్లను చమురు కంటే ఆ డిటర్జెంట్లే ఎక్కువగా చంపాయి. తరవాత రాళ్లు పచ్చగా మెరిశాయి. ఆ పైన పెద్ద గోధుమ నాచులు అడవిలా పెరిగాయి. బాగా దెబ్బతిన్న చోట్ల తీరం మామూలు స్థితికి రావడానికి పదేళ్లు, పదిహేనేళ్లు పట్టింది. దూరం నుంచి చూసినవాళ్లకు మాత్రం ఆ పచ్చదనం తీరం కోలుకున్నట్టే కనిపించింది.

కాబట్టి మా కాలువ దగ్గర పచ్చదనానికి కారణం రుతువు కావచ్చు, ఇసుక రాపిడి కావచ్చు, మేసే నత్తలు తగ్గడం కావచ్చు, కాలువ నీళ్లు కావచ్చు. ఇవి ఒకదానితో ఒకటి కలిసి కూడా రావచ్చు. విడదీయడమే పని.

విశాఖ తీరానికే ఉన్న చిక్కు

పుస్తకాల్లో రాతి తీరం పద్ధతులు ఎక్కువగా బ్రిటన్, అమెరికా పడమటి తీరాల నుంచి వచ్చినవి. అక్కడ చాలాచోట్ల ఆటుపోట్ల మధ్య తేడా ఇక్కడికంటే ఎక్కువ. విశాఖలో అమావాస్య, పౌర్ణములకు వచ్చే పెద్ద పోటుకీ ఆటుకీ మధ్య తేడా సగటున 1.4 మీటర్లు. అష్టమి ప్రాంతాల్లో అర మీటరుకు కాస్త పైన. అంటే మనకున్న రాతి పట్టీ చాలా ఇరుకు.

దాని మీద ఇంకో విషయం. బంగాళాఖాతం మట్టమే ఏడాదిలో పెరిగి తగ్గుతుంది. మన తీరంలో సగటు సముద్ర మట్టం మార్చి, ఏప్రిల్‌లో అన్నిటికంటే తక్కువ, అక్టోబరు, నవంబరులో అన్నిటికంటే ఎక్కువ. రెంటికీ మధ్య దాదాపు అర మీటరు తేడా ఉంటుంది. వేసవి ముందు చల్లటి లోతు నీరు పైకి రావడం, ఉత్తరాది నదుల తీపి నీరు అక్టోబరు నుంచి తీరం వెంట దక్షిణానికి దిగి రావడం, గాలులు, ప్రవాహాలు ఇవన్నీ దీనికి కారణాలు. 1.4 మీటర్ల ఆటుపోట్లలో అర మీటరు అంటే మూడో వంతు. ఏప్రిల్‌లో గంటల తరబడి ఎండకు ఆరిపోయే రాయి నవంబరులో బయట పడకపోనూ వచ్చు. ఒకే రాయి రుతువును బట్టి పై మండలంలోనూ ఉంటుంది, మధ్య మండలంలోనూ ఉంటుంది. ఈ సంగతి పట్టించుకోకుండా నవంబరు ఫొటోనీ ఏప్రిల్ ఫొటోనీ పక్కపక్కన పెట్టి ‘మార్పు’ అనడం అర్థం లేని పని.

ఈ తీరపు నాచుల మీద పాత పరిశీలన లేకపోలేదు. ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు విశాఖ తీరంలో ఆటుపోట్ల మధ్య పెరిగే నాచుల జీవావరణం మీద 1964లోనే ప్రచురించారు. ఏ నాచు ఏ ఎత్తులో, ఏ నెలల్లో ఉంటుందన్న జ్ఞానం మనకు అప్పటి నుంచీ ఉంది. అయితే అది ఫలానా రాయి అని గుర్తు పెట్టి మళ్లీ మళ్లీ కొలిచిన లెక్క కాదు. పోర్ఫిరా లాంటి నాచు ఇక్కడ ఉందా లేదా అని పోల్చుకోవచ్చు, ఈ రాతి మీద ఎంత శాతం తగ్గిందో పోల్చుకోలేం.

ఇసుక సంగతీ చెప్పాలి. నైరుతి రుతుపవనాల అలలు ఇసుకను ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య గాలుల కాలంలో దిశ తిరుగుతుంది. మొత్తం మీద ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. ఆ దారిలో ఓడరేవు అడ్డుగోడలున్నాయి. అక్కడ ఆగిన ఇసుకను డ్రెడ్జర్లతో తవ్వి నగరం బీచ్ మీద పోస్తుంటారు. దీంతో కొన్ని రాళ్లు ఒక నెల మోకాలెత్తు ఇసుకలో ఉంటాయి, ఇంకో నెల నున్నగా కడిగినట్టు బయటపడతాయి. అలా కొత్తగా బయటపడిన రాయి మీద మొదట వచ్చేది అల్వాయే. డ్రైనేజీతో దానికి ఏ సంబంధమూ అక్కర్లేదు.

చోట్లు, బోల్టులు

కాలువ దగ్గర ఒక చోటు, దానికి పోలికగా కాలువలకు దూరంగా మూడు చోట్లు తీసుకున్నాం. ఒక్కటే పోలిక చోటు పెట్టుకుంటే, రెంటి మధ్య తేడా కాలువ వల్లా, లేక ఏ రెండు రాళ్లకైనా ఉండే మామూలు తేడానా అన్నది చెప్పలేం. రాయి వాలు, అలల దెబ్బ, ఎదురుగా ఉండే దిక్కు వీలైనంత దగ్గరగా ఉండేలా చూశాం. సముద్రం కాస్త రెచ్చిపోతే నిలబడలేని చోట్లను, ఎంత జీవం ఉన్నా, వదిలేశాం. పెద్ద అలల హెచ్చరిక ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం) నుంచి వచ్చిన రోజున ఎవరూ దిగకూడదన్నది మొదటి నియమం. లైఫ్ జాకెట్ లేకుండా, ఒంటరిగా దిగకూడదన్నది రెండోది.

స్థిర గుర్తుల కోసం, అనుమతి తీసుకుని, రాతికి చిన్న రంధ్రం చేసి స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టు ఎపాక్సీతో దించాం. ఇక్కడ రాయి తెలియాలి. విశాఖ కొండల్లో ఎక్కువగా కనిపించే ఖొండలైట్ అనే రాయి గాలికీ ఉప్పుకీ పొరలు పొరలుగా ఊడుతుంది. బోల్టు గట్టిగానే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న రాయే లేచిపోతుంది. చార్నొకైట్, క్వార్ట్‌జైట్ లాంటి గట్టి రాళ్లు దొరికిన చోట సమస్య లేదు. ఇంకో సమస్య బోల్టు తల కొంచెం పైకి కనిపిస్తే పాత ఇనుము ఏరేవాళ్లు ఊడదీసుకుపోతారు. అందుకని తల రాతితో సమంగా దించి, పైన ఎపాక్సీ ముద్ద అద్ది, దాన్ని వెతకడానికి మూడు వైపుల నుంచి తీసిన ఫొటోలు దగ్గర పెట్టుకున్నాం. జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, రాతి మీద అది చాలదు.

ప్రతి బోల్టు ఎత్తునూ డంపీ లెవెల్‌తో (సర్వేయర్లు ఎత్తులు కొలిచే పరికరం) కొలిచి ఆటుపోట్ల పట్టికలు వాడే మట్టానికి కట్టాం. ఈ పని విసుగ్గా ఉంటుంది, చాలామంది వదిలేస్తారు. కానీ ఎత్తు తెలిస్తేనే ఈ నెలలో ఆ రాయి ఎన్ని గంటలు గాలిలో ఉందో అంచనా కట్టగలం. విశాఖలో 1937 నుంచి సముద్ర మట్టం నమోదవుతూ ఉంది. అంత పాత రికార్డు ఊళ్లో ఉన్నప్పుడు దానికి ముడిపెట్టకుండా ‘పైన, మధ్య, కింద’ అని రాసుకోవడం దండగ.

ఏ జీవం ఎంత ఉందో లెక్కపెట్టడానికి రాతి మీద పెట్టే చట్రం సాదాసీదాది. పీవీసీ పైపుతో 50 సెంటీమీటర్ల చదరం, రెండు వైపులా ఏడేసి నైలాన్ దారాలు. దారాలు కలిసే కూడళ్లు 49, ఒక మూల కలిపితే 50. ఒక్కో కూడలి కింద ఏముందో రాస్తే ఒక్కోటి 2 శాతం. నాచులు, బార్నకిల్స్ (రాతికి అతుక్కుని ఉండే చిన్న గట్టి పెంకు జీవులు), ఆల్చిప్పలు, పచ్చ మస్సెల్స్ (గుంపులుగా అతుక్కునే రెండు చిప్పల జీవులు), ఖాళీ రాయి, ఇసుక ఇలా. కదిలే జీవుల్ని చట్రం మొత్తంలో ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. గ్రాప్సస్ అనే రాతి పీతల లెక్క మాత్రం వేరే. మనం దిగగానే అవి పగుళ్లలోకి మాయమవుతాయి, కాబట్టి పైనే కూర్చుని కదలకుండా కాసేపు చూడాలి. కాలేజీ పిల్లలకు అన్నిటికంటే కష్టమైన పని ఇదే, ఫోన్ తీయకుండా కూర్చోవడం.

జాతి పేర్ల విషయంలో కఠినంగా ఉన్నాం. ఫారంలో ‘ఆకు లాంటి పచ్చ నాచు’, ‘వెంట్రుకల పచ్చ నాచు’, ‘సున్నం పేరుకున్న ఎర్ర నాచు’ లాంటి గుంపులే పెట్టాం. చూడగానే పొరపాటు లేకుండా పోల్చగలిగినవాటికే జాతి పేరు పెట్టాం. ఉదాహరణకు సెల్లానా రేడియేటా అనే లింపెట్. విశాఖ ఓడరేవులో 1967లో బయటపడిన మైటిలాప్సిస్ సల్లీ అనే చిన్న మస్సెల్‌కి కూడా ఒక గడి ఉంచాం. అది అమెరికా ఉష్ణమండల తీరాల నుంచి ఓడల వెంట వచ్చిన జాతి. మా రాళ్ల మీద అది కనిపించలేదు, ఆ ‘లేదు’ కూడా ప్రతిసారీ రాసిందే. జీవుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో ఫొటోలు పెట్టడం మంచిదే, గుర్తింపులో సాయం దొరుకుతుంది. కానీ అక్కడ కనిపించినవే ఉంటాయి. వెతికినా దొరకనిది అక్కడ నమోదు కాదు. తీరం మీద నిఘాకు ఆ సున్నాలే ముఖ్యం.

ప్రతిసారీ కొన్ని చట్రాలను ఇద్దరు విడివిడిగా, ఒకరిదొకరు చూడకుండా లెక్కపెట్టారు. ఇద్దరి మధ్య తేడా ఎంతో దానికంటే చిన్న మార్పును మేం మార్పుగా పరిగణించలేదు. అన్ని చోట్లా ఎక్కువ తేడా వచ్చింది చిన్న బార్నకిల్స్‌లో, తక్కువ వచ్చింది లింపెట్లలో. డ్రోన్ కూడా వాడి చూశాం. పచ్చ ఎంతవరకు పరుచుకుందో బాగా చూపిస్తుంది, దాని కింద ఏముందో చూపించదు.

రాగి రంగు గళ్లు

లెక్కలతో మాత్రమే కారణం తెలియదు. నాచు ఎక్కువ, లింపెట్లు తక్కువ అని ఒక చోట తేలితే, నత్తలు లేక నాచు పెరిగిందా, నాచు దట్టమై నత్తలకు పట్టు దొరకలేదా? దీన్ని విడదీయడానికి పాత పద్ధతి ఒకటుంది. పడవల అడుగుకు వేసే రాగి కలిసిన రంగును లింపెట్లు దాటవు. చేపల రేవు దగ్గర ఆ రంగు ఏ షాపులోనైనా దొరుకుతుంది. రాతి మీద చిన్న చదరం గీసి అంచు మొత్తం ఆ రంగు వేస్తే లోపలికి మేసే నత్తలు రావు. పక్కన ఇంకో చదరం అంచు సగమే వేసి, సగం ఖాళీగా వదలాలి. రంగు విషం వల్లే నాచు మారుతోందా అన్నది దాంతో తెలుస్తుంది. మూడో చదరానికి మూలల్లో చుక్కలు తప్ప ఏమీ ఉండవు. రాగి మంచిది కాదు కాబట్టి గళ్లు చాలా చిన్నవి పెట్టాం, పని కాగానే గీకేశాం.

కాలువకు దూరంగా ఉన్న చోట్లలో ఫలితం కళ్లకు కట్టినట్టు వచ్చింది. పూర్తి రంగు గడిలో పచ్చ, దాని బయట మామూలు రాయి. సగం రంగు గడిలోనూ మామూలు రాయే. అంటే ఆ రాళ్లను ఖాళీగా ఉంచుతున్నది నత్తలే. కాలువ దగ్గర మూడు గళ్లూ పచ్చగానే ఉన్నాయి. అక్కడ నత్తలను ఆపినా ఆపకపోయినా ఒకటే, ఆపడానికి నత్తలే దాదాపు లేవు.

తాత చెప్పిన మాట

పని మొదట్లో జాలారిపేట నుంచి వచ్చి అక్కడ గేలం వేసుకునే పెద్దాయన ఒకరు మా చట్రం చూసి నవ్వారు. ‘రాళ్లు ఎందుకు పచ్చబడతాయి తాతా?’ అని అడిగాను. ‘ఇదేటి కొత్తా అమ్మా? చలికాలం పోయేసరికి రాయంతా పచ్చబడతాది. ఎండలు ముదిరితే మాడిపోతాది. ఆ కాలవకాడిదే ఏడాదంతా పచ్చగుంటాది’ అన్నారు. మా రెండేళ్ల లెక్కల్లో సగం ఆ మాటలోనే ఉంది. మిగతా సగం, అలా ఎందుకన్నది.

దూరపు చోట్లలో పచ్చ సరిగ్గా ఆయన చెప్పినట్టే నడిచింది. ఫిబ్రవరి, మార్చిలో పెరిగింది, ఏప్రిల్, మే ఎండకు పై రాళ్ల మీద తెల్లబడి ఊడిపోయింది. సముద్ర మట్టం తగ్గిన నెలలు, రాయి ఎక్కువ గంటలు ఎండలో ఉండే నెలలు, ఎండ తీవ్రత అన్నీ కలిసి వచ్చే కాలమది. ఆ నెలల్లోనే లోతు నీరు పైకి వచ్చి పోషకాలనూ తెస్తుంది కాబట్టి ‘నీళ్లలో పోషకాలు పెరిగాయి’ అన్నంత మాత్రాన అది మురుగు అయిపోదు. ఈ చోట్లలో ఒకచోట ఇసుక కప్పి తీసిన తరవాత మే నెలలోనూ పచ్చ వచ్చింది, ఎత్తు లెక్కా ఇసుక గడీ ఉన్నాయి కాబట్టి దాన్ని వేరుగా పెట్టగలిగాం.

కాలువ దగ్గర మేలోనూ పచ్చ పోలేదు. దాని పై అంచు, అలలు చేరే ఎత్తు కంటే కూడా పైన ఉంది. అదే మాకు దారి చూపించింది. అంత ఎత్తులో నాచు బతకాలంటే రాయి ఎప్పుడూ తడిగా ఉండాలి. సముద్రం దాన్ని తడపడం లేదు. రిఫ్రాక్టోమీటర్ అనే పరికరంతో నీళ్లలో ఉప్పు ఎంతుందో చూశాం. ఒకే రోజు నాలుగు చోట్లా చూడటం తప్పనిసరి, ఎందుకంటే అక్టోబరు, నవంబరులో తీరమంతా ఉప్పు బాగా పడిపోతుంది, ఆ నెలల్లో ఒక్క చోట తక్కువ వస్తే కాలువ మీద వేయడం అన్యాయం. వేసవిలో, దూరపు చోట్లలో మామూలుగా ఉండే 33, 34 (వెయ్యి వంతుల నీటికి ఉప్పు వంతులు) వచ్చిన రోజుల్లో కూడా, కాలువ పక్క గుంటల్లో బాగా తక్కువ వచ్చింది. వాన లేని నెలల్లో వాననీటి కాలువ పారుతోందంటే అందులో ఉన్నది వాననీరు కాదు.

నత్తలు ఎందుకు లేవన్నదానికి ఒకే సమాధానం దొరకలేదు. ఉప్పు తగ్గడం లింపెట్లకు పడదు, కాలువ తెచ్చే బురద పల్చటి పొరగా రాతి మీద పేరుకుంటే వాటికి పట్టు ఉండదు. ఆల్చిప్పలు కొట్టుకునేవాళ్లు ఆ చోటికి రావడం తక్కువ, కాబట్టి ఏరుకుపోవడం వల్ల తగ్గాయని అనలేం. కాలువ దగ్గర రాతి మీద ఎర్ర నాచుల గుంపులు, జోయాంథిడ్లు (పగడాల బంధువులైన మెత్తటి జీవులు) కూడా తక్కువ. అంటే పచ్చ పెరగడం ఒక్కటే కాదు, మిగతా వైవిధ్యం కుదించుకుపోయింది.

సంఘానికి ఏం రాసిచ్చాం

వాళ్లు ఆశించిన ‘కాలుష్యమే’ అన్న మాట రాయలేదు. మూడు విషయాలు రాశాం. ఏడాది పొడవునా ఇక్కడ తక్కువ ఉప్పున్న నీరు పారుతోంది. ఈ రాళ్ల మీద మేసే నత్తలు పోలిక చోట్లన్నిటి కంటే తక్కువ, ఆ తేడా మా లెక్కల్లో వచ్చే పొరపాటు కంటే చాలా పెద్దది. ఆ నీరు మురుగా, ఏదైనా పైపు లీకా, ఊటనా అన్నది నాచు చెప్పదు, నీటి పరీక్షే చెప్పాలి. సంఘం కార్యదర్శి కాస్త నిరాశపడ్డారు. కానీ ‘రాళ్లు పచ్చగా ఉన్నాయి’ అన్న ఫిర్యాదుకు ‘అది రుతువు’ అని ఒక్క ముక్కలో జవాబు ఇవ్వగలరు. ‘మే నెలలో వాననీటి కాలువలో ఏ నీళ్లు పారుతున్నాయి?’ అన్న ప్రశ్నకు అలా ఇవ్వలేరు. ఫిర్యాదు చివరికి ఆ ప్రశ్న మీదే వెళ్లింది, కోలిఫాం పరీక్ష (మురుగు బ్యాక్టీరియా పరీక్ష) అడుగుతూ.

ఇలాంటి లెక్క ముందే ఉండటం ఎందుకు అవసరమో 2020 అక్టోబరులో చూశాం. వాయుగుండం సమయంలో బంగ్లాదేశ్ సరుకు ఓడ ఎం.వి. మా లంగరు నిలవక తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి కొట్టుకొచ్చింది. ఊరందరి టెన్షన్ అందులోని ఇంధనం గురించే. ఆ రాళ్ల మీద అంతకు ముందు ఏముండేదో చూపించే కొలతలు మా దగ్గర లేవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడూ అంతే. ఇప్పుడు ఎత్తు కొలిచిన బోల్టులు ఉన్నాయి కాబట్టి, ఇంకో తుపాను వస్తే కనీసం ఈ నాలుగు చోట్ల ముందు, తరవాత అని చెప్పగలం.

కాలువ చోటులో పరిశీలన కొనసాగుతోంది. ఫారంలో రెండు మార్పులు చేశాం. బురద పొర మందాన్ని ప్రతి చట్రంలో ఒక చోట స్కేలుతో కొలుస్తున్నాం. కాలువ ముఖం నుంచి దూరం పెరిగే కొద్దీ లింపెట్ల లెక్క ఎలా మారుతుందో చూడటానికి ఒడ్డు వెంట తాడు పరిచి కొత్త చట్రాలు చేర్చాం. కాలువ పక్కన నత్తలు తక్కువగా ఉండి, దూరం వెళ్లే కొద్దీ మెల్లగా పెరిగితే కారణం కాలువ అనడానికి బలం వస్తుంది. ఒక్కసారిగా, ఏదో ఒక పగులు దగ్గర పెరిగితే రాయిలోనే తేడా ఉందేమో చూడాలి. నీటి నమూనాలు ఒక కాలేజీ ల్యాబులో నైట్రేట్, అమ్మోనియా కోసం పరీక్షకు వెళ్తున్నాయి. మార్చి నుంచి మే దాకా పైకొచ్చే లోతు నీటి పోషకాలతో కలిసిపోకుండా, అదే రోజు దూరపు మూడు చోట్ల నీళ్లు కూడా సీసాల్లో పంపుతున్నాం.